కోటప్పకొండ నుంచి శ్రీపర్వతం దాకా

ప్రత్యేక సంచికకు మన ప్రాంత చరిత్ర గురించి ఏదైనా రాయమని కార్యదర్శిగారు అడిగినప్పుడు సహజంగానే కోటప్పకొండ గుర్తుకు వచ్చింది. కాని కోటప్పకొండ గురించి ఈ సంచిక చదివేవారికి కొత్తగా చెప్పేదేముంది? మనలో సగం మందిమి శివరాత్రి తిరునాళ్ళ డ్యూటీ చేసినవాళ్ళమే. ప్రభలు ఎక్కడ ఆగుతాయో, తాగునీళ్ళు ఎక్కడ చాలవో, తప్పిపోయిన పిల్లలను ఎక్కడ కూర్చోబెట్టాలో మనకు తెలిసినంతగా ఏ పుస్తకంలోనూ ఉండదు.

అయితే ఒక సంగతి మాత్రం చెప్పుకోవాలి. ఏ వైపు నుంచి చూసినా మూడు శిఖరాలు కనబడే ఆ కొండమీద త్రికోటేశ్వరుడు దక్షిణామూర్తి స్వరూపుడని మన పెద్దల నమ్మకం. అందుకే అక్కడ స్వామికి కల్యాణోత్సవం లేదు, గుడి ముందు ధ్వజస్తంభమూ లేదు. కొండమీద మౌనంగా కూర్చుని శిష్యులకు బోధించే గురువు ఆయన. ఈ పోలికను పట్టుకుని పూర్వం ఇది బౌద్ధక్షేత్రమేమో అని వాదించే మిత్రులు లేకపోలేదు. పోలిక బాగానే ఉంది గాని పోలిక వేరు, సాక్ష్యం వేరు. ముప్పై ఏళ్ళు ఫైళ్ళు చూసినవాళ్ళం, కాగితం లేనిదే సంతకం పెట్టం కదా!

కాగితం కాకపోయినా, రాతి సాక్ష్యం పుష్కలంగా ఉన్న బౌద్ధుల కొండ మన జిల్లాలోనే మరొకటి ఉంది. అది నాగార్జునకొండ. 2022 ఏప్రిల్ 4న పల్నాడు జిల్లా ఏర్పడి నరసరావుపేట కేంద్రం అయిన తర్వాత కోటప్పకొండా, నాగార్జునకొండా ఒకే జిల్లా లెక్కలోకి వచ్చాయి. నిరుడు చలికాలంలో 20 మంది దాకా సంఘ సభ్యులం పొద్దున్నే కోటయ్య స్వామి దర్శనం చేసుకుని, అక్కడి నుంచే చిన్న బస్సులో బయలుదేరాము. ఆ దారిలో చూసినవీ, ఇంటికి వచ్చాక పుస్తకాలు తిరగేసి తెలుసుకున్నవీ కలిపి రాస్తున్నాను.

పిడుగురాళ్ళ రోడ్డు మీద నకరికల్లు దగ్గర పక్కకు తిరిగితే చేజెర్ల వస్తుంది. అక్కడి కపోతేశ్వరాలయం చూడకుండా ముందుకు పోవడం దండగ. పావురాన్ని కాపాడటానికి శిబి చక్రవర్తి తన మాంసం కోసి ఇచ్చిన చోటు ఇదేనని స్థలపురాణం. లింగం మీది గుంతలను ఆ గాయాల గుర్తులుగా చూపుతారు. మహాభారతంలో ఉన్న ఈ శిబి కథే బౌద్ధుల జాతక కథల్లోనూ ఉంది. గుడి వెనక్కు వెళ్ళి చూస్తే అసలు సంగతి బోధపడుతుంది. గర్భగుడి వెనుక గోడ ఏనుగు వీపులాగా గుండ్రంగా తిరిగి ఉంటుంది, పైకప్పు బండి గూడులాగా వంగి ఉంటుంది. దీన్ని గజపృష్ఠాకారం అంటారు. బౌద్ధులు ఇటుకలతో కట్టుకున్న చైత్యగృహం తర్వాతి కాలంలో శివాలయమైందని పండితుల నిర్ణయం. మహారాష్ట్రలోని తేర్‌లో కూడా ఇలాంటిదే ఒకటి గుడిగా మారి మిగిలింది. దేశంలో ఇటుక చైత్యాలు పైకప్పుతో సహా నిలిచినవి బహు అరుదు. మన చైత్యం నిలబడిందంటే, దేవుడు మారినా దీపం ఆరకపోవడమే కారణం. పూజ ఆగిపోయిన చైత్యాలు మట్టిలో కలిసిపోయాయి.

పిడుగురాళ్ళ దాటుతుండగా సున్నపు బట్టీల పొగ చూసి మాలో ఒకరు ముక్కు మూసుకున్నారు. నిజానికి ఆ రాయి దగ్గర మనం చేతులు జోడించాలి. పలనాటి సున్నపురాయి లేనిదే నాగార్జునకొండ శిల్పం లేదు. లేత ఆకుపచ్చ ఛాయ కలిసిన తెల్లని రాయి అది. ఉలికి మెత్తగా లొంగుతుంది, పొరలు పొరలుగా పలకలై వస్తుంది. ఇళ్ళల్లో పరుచుకునే నాపరాళ్ళకూ, సిమెంటు ఫ్యాక్టరీలకూ, 1700 ఏళ్ళనాటి బుద్ధుడి బొమ్మలకూ గని ఒక్కటే.

ఈ రాయికి ఒక శత్రువు కూడా ఉన్నాడు. దాన్ని కాలిస్తే సున్నమవుతుంది. కృష్ణ ఒడ్డునే దిగువనున్న అమరావతిలో జరిగింది అదే. 1797లో కర్నల్ మెకంజీ అక్కడికి వెళ్ళేనాటికే స్తూపాన్ని తవ్వి రాళ్ళు తరలిస్తున్నారు. కొన్ని కట్టడాల్లోకి, కొన్ని సున్నపు బట్టీల్లోకి పోయాయి. మిగిలినవి 1845లో వాల్టర్ ఇలియట్ తవ్వకాల తర్వాత మద్రాసుకూ, లండనుకూ చేరాయి. రెంటచింతల దగ్గరి గోలి గ్రామంలో కూడా ఒక చిన్న స్తూపం ఉండేది. 1926లో ఫ్రెంచి పండితుడు జూవో దుబ్రెయ్ దాన్ని వెలికితీశాడు. ఉన్నదంతా దానమిచ్చేసి చివరకు కన్నబిడ్డలను కూడా ఇచ్చిన వెస్సంతర రాజకుమారుడి కథ ఆ పలకల మీద వరుసగా చెక్కి ఉంది. ఆ శిల్పాలు మద్రాసు మ్యూజియానికి చేరాయి. గోలి శిల్పం చూడాలంటే పలనాటివాడు మద్రాసు వెళ్ళాలి!

నాగార్జునకొండకు ఆ గతి పట్టకపోవడానికి కారణమైన ఇద్దరి గురించి నేను ముఖ్యంగా చెప్పదలచుకున్నాను. అందులో ఒకరు బడి పంతులు. పేరు సూరపరాజు వెంకటరామయ్య. ఆ లోయలో ఒక పాత స్తంభం కనబడితే, ఏదో రాయిలే అని వదిలేయకుండా మద్రాసు ప్రభుత్వానికి తెలియజేశారు. రెండోవారు ఎ. రంగస్వామి సరస్వతి. మద్రాసులోని శాసన పరిశోధన శాఖలో తెలుగు అసిస్టెంటు. ఆయన 1926లో అక్కడికి వెళ్ళి, చూసి, ఇది సామాన్యమైన చోటు కాదని నిర్ధారించారు. మాచర్ల అవతల కొండల మధ్య, బండ్లు కూడా కష్టం మీద పోయే అడవి దారి అది. వచ్చిన ఉత్తరాన్ని ‘పరిశీలించడమైనది’ అని రాసి ఫైలు మూసేస్తే అడిగేవాడు లేడు. పెద్ద పేర్లన్నీ ఆ తర్వాత వచ్చినవే. 1927 నుంచి 1931 వరకు లాంగ్‌హర్స్ట్ తవ్వించాడు, వోగెల్ శాసనాలను చదివి ప్రకటించాడు, 1938లో టి.ఎన్. రామచంద్రన్ మళ్ళీ తవ్వారు. కాని మొదటి రిపోర్టు ఒక టీచరుది, మొదటి ఇన్‌స్పెక్షన్ ఒక అసిస్టెంటుది. పెన్షనర్ల సంచికలో ఈ మాట రాయకపోతే ఇంకెక్కడ రాస్తాం?

మాచర్ల దాటి విజయపురి సౌత్ చేరి లాంచీ ఎక్కాము. చుట్టూ నీళ్ళు, ఎదురుగా కొండ. మా వెంట వచ్చిన మనవరాలు, "తాతయ్యా, పూర్వం బౌద్ధ భిక్షువులు కూడా పడవల్లోనే వచ్చేవారా?" అని అడిగింది. దీనికి జవాబు చెబితే సగం చరిత్ర చెప్పినట్లే. భిక్షువులు ఉన్నది ఆ కొండ మీద కాదు. కొండ కింద, మూడు వైపులా నల్లమల కొండలు, నాలుగో వైపు కృష్ణానది కాపు కాసిన లోయలో. లాంచీ ఏ నీళ్ళ మీద పోతున్నదో ఆ నీళ్ళ అడుగున ఇక్ష్వాకుల రాజధాని విజయపురి ఉంది. మనం ఇప్పుడు చూసే కొండ అప్పట్లో ఊరి పక్కన నిలబడిన గుట్ట. శాసనాల్లో ‘సిరిపవత’ అని ఉన్నది ఈ చోటే. శ్రీశైలానికి కూడా శ్రీపర్వతమన్న పేరుంది కాబట్టి కొందరు తికమక పడుతుంటారు. ఆచార్య నాగార్జునుడు ఇక్కడ ఉన్నాడని బౌద్ధ సంప్రదాయం చెబుతుంది. కొండకు ఆయన పేరే నిలిచింది. ఇక్ష్వాకుల శాసనాల్లో మాత్రం ఆ మహానుభావుడి పేరు కనబడదు.

క్రీ.శ. 3వ శతాబ్దం మొదటి భాగంలో శాతవాహనులు అంతరించాక వాసిష్ఠీపుత్ర శాంతమూలుడు ఇక్కడ రాజ్యం స్థాపించాడు. ఆయన అశ్వమేధం చేసిన వైదికుడు, మహాసేనుడి భక్తుడు. ఆయన తర్వాత కొడుకు వీరపురుషదత్తుడు, మనవడు ఎహువుల శాంతమూలుడు ఏలారు. 4వ శతాబ్దం తొలి పాదానికి కథ ముగిసింది. అంటే మొత్తం వందేళ్ళు. ఆ వందేళ్ళలో లోయలో లేచిన బౌద్ధ కట్టడాల సముదాయాలు 30కి పైన. నది ఒడ్డున పుష్పభద్రస్వామి, సర్వదేవుడు, కార్తికేయుడు, అష్టభుజస్వామి మొదలైన దేవుళ్ళ గుళ్ళు కూడా ఉండేవి. రాజులు హోమాలు చేశారు, రాణివాసం స్తూపాలు కట్టించింది. ఒకే ఇంట్లో అయ్యగారు శివాలయానికి, అమ్మగారు సాయిబాబా గుడికి పోవడం మనకు కొత్తా?

ఆ స్త్రీల పేర్లు రాజుల పేర్లకన్నా ఎక్కువగా రాళ్ళమీద కనబడతాయి. మహాచైత్యం పని పూర్తి చేయించినది శాంతమూలుడి చెల్లెలు శాంతిశ్రీ, వీరపురుషదత్తుడి 6వ పాలనా సంవత్సరంలో. ఆమె ఆయనకు మేనత్త, అత్తగారు కూడా. మేనరికాలు మన వైపు ఎంత పాతవో చూడండి! 106 అడుగుల అడ్డుకొలత గల ఆ స్తూపం అడుగు బండి చక్రంలాగా ఉంటుంది. నడుమ కుంభి, దాని నుంచి ఆకులు, చుట్టూ కమ్మి, మధ్య ఖాళీల్లో మట్టి నింపారు. నాలుగు దిక్కులా అయిదేసి ఆయక స్తంభాలు. బుద్ధుడి జననం, గృహత్యాగం, జ్ఞానోదయం, మొదటి ఉపదేశం, నిర్యాణం, ఈ అయిదింటికీ అవి గుర్తులు. లాంగ్‌హర్స్ట్ తవ్వినప్పుడు ఒక గదిలో చితికిపోయిన కుండ దొరికింది. అందులో స్తూపం ఆకారపు వెండి భరిణె, దానిలో బంగారు భరిణె, దానిలో చిన్న ఎముక ముక్క ఉన్నాయి. తోడుగా బంగారు పూలు, ముత్యాలు. ఆ ధాతువును తర్వాత సారనాథ్‌లోని మూలగంధకుటి విహారానికి ఇచ్చారు.

కాని నాకు ఎక్కువ నచ్చినది రాజకుటుంబానికి చెందని బోధిశ్రీ శాసనం. ఆమె గోవగామ అనే ఊరికి చెందిన ఒక గృహస్థురాలు. వీరపురుషదత్తుడి 14వ ఏట చుళధమ్మగిరి మీద సింహళం నుంచి వచ్చిన ఆచార్యుల కోసం చైత్యగృహం కట్టించింది. కాశ్మీరం, గాంధారం, చైనా, వంగ, వనవాసి, ద్రావిడ దేశాలలో ధర్మప్రచారం చేసిన ఆచార్యుల పరంపర అని వారిని పేర్కొన్నది. అక్కడితో ఆగక తాను చేయించిన పనులన్నీ జాబితా వేసింది. ఒకచోట బోధివృక్షానికి ఆలయం, ఒకచోట మండప స్తంభం, మరొకచోట చెరువు, ఇంకొకచోట మూడు గదులు, వేరొకచోట ఏడు గదులు, నేటి ఘంటసాల అయిన కంటకశైలంలో మహాచైత్యం తూర్పు ద్వారాన రాతి మండపం. ఆ పుణ్యంలో భాగంగా భర్తను, తల్లిదండ్రులను, అన్నదమ్ములను, చుట్టాలందరినీ పేరుపేరునా తలచింది. అందులో భద్రుడనే కోశాధికారి కూడా ఉన్నాడు. ట్రెజరీలో చేసి రిటైరైన మా మిత్రుడు ఈ సంగతి విని, "మన డిపార్ట్‌మెంటు పాతదేనండీ" అని ఆనాడంతా మురిసిపోయాడు.

శాసనం చివర ఇంకా ఒక విశేషం. పనిని పర్యవేక్షించిన ముగ్గురు భిక్షువుల పేర్లు చెప్పింది. చంద్రముఖుడు, ధమ్మనంది, నాగుడు. వీరిని నవకమ్మికులన్నారు, అంటే కొత్త కట్టడాల పనులు చూసేవారు. ఆ వెనుక రాతిపని చేసిన విధికుడి పేరు. నేడు శిలాఫలకం మీద ప్రారంభించినవారి పేరు, అధ్యక్షత వహించినవారి పేరు ఉంటాయి గాని మేస్త్రీ పేరు ఎక్కడైనా చూశారా? 1700 ఏళ్ళనాడు ఒక గృహిణి దాన్ని మరచిపోలేదు. ఆ లోయలో చనిపోయినవారికి ఛాయాస్తంభాలని నిలిపేవారు. రాజుకూ ఉంది, యుద్ధంలో పడిన సేనానులకూ ఉన్నాయి. కారెంపూడి వీరులగుడి చూసిన పలనాటివారికి ఇది వింతగా తోచదు.

ఇక ఆ లోయ నీళ్ళ కిందకు పోయిన కథ. 1955 డిసెంబరు 10న ప్రధాని నెహ్రూగారు నాగార్జునసాగర్‌కు శంకుస్థాపన చేశారు. ఆనకట్ట కడితే విజయపురి మునిగిపోతుందని ముందే తెలుసు. అందుకని డాక్టర్ ఆర్. సుబ్రహ్మణ్యం ఆధ్వర్యంలో 1954 నుంచి 1960 వరకు లోయ అంతా తవ్వారు. మామూలుగా పురావస్తు శాఖ పని తీరుబడిగా సాగుతుంది. ఇక్కడ గడువు పెట్టింది కృష్ణానది. గడువు పొడిగించమని అర్జీ పెట్టుకోవడానికి లేదు. పాతరాతియుగపు పనిముట్ల నుంచి మధ్యయుగపు కోట గోడల దాకా దొరికినదల్లా కొలిచారు, గీశారు, ఫోటోలు తీశారు. రోమను బంగారు నాణేలు, శకుల దుస్తులు తొడిగిన కాపలాదారు బొమ్మ, మెట్ల వరుసలతో క్రీడారంగం, రాళ్ళు పరిచిన స్నానఘట్టం బయటపడ్డాయి. తొమ్మిది కట్టడాలను విప్పి కొండమీదికి చేర్చి మళ్ళీ కట్టారు. మరికొన్నిటిని తూర్పు ఒడ్డున అనుపు దగ్గర నిలబెట్టారు. 1966లో కొండమీద మ్యూజియం వెలిసింది. తక్కినవన్నీ ఎక్కడివక్కడే నీళ్ళ కిందికి పోయాయి. లోయలోని పల్లెలవారు కూడా ఇళ్ళూ పొలాలూ వదిలి వెళ్ళారు. వారి పేర్లు ఏ ఫలకం మీదా చూడలేదు.

ఇది న్యాయమా అన్యాయమా అని లాంచీలో మా వాళ్ళ మధ్య పెద్ద చర్చే జరిగింది. ఒకరు, వేరే చోట ఆనకట్ట కట్టవలసిందన్నారు. రొంపిచర్ల వైపు పొలం ఉన్న మరొక మిత్రుడు చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ గారు కాలువలకు నీళ్ళు వదిలేనాటికి మా నాన్న జొన్నన్నమే తినేవాడు. వరన్నం పండక్కే. నన్ను చదివించింది కుడి కాలువ నీళ్ళండీ, ఆ నీళ్ళను తప్పు పట్టమంటే నా వల్ల కాదు" అన్నారు. అందరూ ఊరుకున్నారు. నరసరావుపేట చుట్టూ పొలాలు తడిపే జవహర్ కాలువ నీళ్ళు విజయపురి మీదుగా వచ్చేవే. శాంతిశ్రీ ఊరు మునిగింది, మన ఊళ్ళు తేలాయి. ఈ లెక్కలో జమ ఎంతో, ఖర్చు ఎంతో తేల్చడం నాకు చేతకాలేదు. కాని ముంచేముందు ఆరేళ్ళపాటు ఎండలో నిలబడి ప్రతి ఇటుకా కొలిచిన వారి జీతం మాత్రం దండగ ఖర్చు కాదని గట్టిగా చెప్పగలను.

కొండమీద మ్యూజియంలో నిలువెత్తుకన్న మించిన బుద్ధ విగ్రహం ముందు ఆడవాళ్ళు అలవాటుగా చెప్పులు విడిచి దణ్ణం పెట్టారు. బయట మహాచైత్యం, బోధిశ్రీ చైత్యం, లోపల స్వస్తిక ఆకారంలో గోడలు కట్టిన స్తూపం, సింహళ విహారం అన్నీ నడిచి చూడవచ్చు. స్నానఘట్టం మెట్ల మీద కాసేపు కూర్చున్నాము. ఇవి నది ఒడ్డున ఉన్న మెట్లు, కొండెక్కి మళ్ళీ నీళ్ళ పక్కకే వచ్చాయి.

రావాలనుకునేవారికి కొన్ని సూచనలు. శుక్రవారం మ్యూజియానికి సెలవు. గాలి ఎక్కువగా ఉన్నా, నీటి మట్టం సరిగా లేకున్నా లాంచీలు నడవవు కనుక ముందుగా కనుక్కుని బయలుదేరండి. మంచినీళ్ళు, మందులు, గొడుగు వెంట ఉండాలి. కొండమీద నడక ఎక్కువే. మోకాళ్ళ నొప్పులున్నవారు మ్యూజియం, మహాచైత్యం చూసుకుని చెట్టు కింద కూర్చోవచ్చు. అనుపుకు రోడ్డు ఉంది కాబట్టి లాంచీ భయమున్నవారు అక్కడికైనా వెళ్ళండి. క్రీడారంగం మెట్ల పై వరుసలో ఒకరిని కూర్చోబెట్టి, కింద నిలబడి మాట్లాడి చూడండి. మామూలు గొంతుతో మాట్లాడినా పైకి చక్కగా వినబడుతుంది. వినికిడి తగ్గిన మా ఖజానా మిత్రుడికి కూడా వినబడింది.